ఆరు కొండల మట్టి, ఒక కరివేపాకు కుండీ

ఇళ్ళల్లో పనికి దుబాయ్ విమానం ఎక్కబోతున్న ఆడపిల్లలు చదవాలని ఇది రాస్తున్నాను. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసి ఇస్తే మా మనవరాలు అక్షరాలు సరిచేసింది. మాటలు మార్చబోతే ఊరుకోలేదు.

ఇరవై రెండేళ్ళు ఈ దేశంలో ఇళ్ళల్లో వండాను, తుడిచాను, పిల్లల్ని పెంచాను. ఏ ఏజెంటు పంపాడు, వీసా ఎన్నిసార్లు మారింది అన్నవి రాయను. అవి అందరివీ ఒకలాగే ఉంటాయి. మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. వంట రెండు నెలల్లో వస్తుంది. ఇస్త్రీ వారంలో వస్తుంది. ఎదుటి మనిషి ఇంట్లో ఏది చెత్తో, ఏది ప్రాణమో తెలియడానికి మాత్రం నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. అప్పటికి కూడా తెలియలేదని చివరి ఇంట్లో బయటపడింది. ఆ ఇంటి గురించే రాస్తాను.

కొండల మేడమ్

కరోనా వచ్చిన ఏడాది, అప్పటిదాకా నేను పనిచేస్తున్న కుటుంబం దేశం విడిచి వెళ్ళిపోయింది. నా చేతిలో పని లేదు. అప్పుడు మేడమ్ కారు నడిపే రాజన్న నా గురించి చెప్పి ఆ ఇంట్లో పెట్టించాడు. రాజన్న జగిత్యాల వైపు మనిషి, నలభై అయిదేళ్ళు ఉంటాయి, అల్ వర్సాన్‌లో కూలీల క్యాంపులో ఉండేవాడు. నన్ను పెద్దమ్మా అనేవాడు. నోరు ఎక్కువ, మనసు మంచిది.

మేడమ్ పేరు ఎలెనా. పెరూ దేశం మనిషి. ఆ దేశం ఎక్కడుందో నాకు అప్పుడు తెలియదు. భూమికి అవతలి పక్క అని రాజన్న స్టీరింగు చుట్టూ వేలు తిప్పి చూపించాడు. ఆమె ఇక్కడ పెద్ద కాలేజీలో పాఠం చెప్పేది. ఆమె చదువంతా కొండల మీద. ఆ వైపు ఒకప్పుడు ఇంకా అనే రాజులు ఉండేవారట. మన దగ్గర ఇంగ్లీషు వాళ్ళు రాకముందు ఎప్పుడో. వాళ్ళు ఒక్కొక్క సీమను గెలుచుకుంటూ పోయి, గెలిచిన ప్రతిచోటా కొండల మీద, కొండల ఎదురుగా రాతి వేదికలు కట్టారు. ఆ వేదికలను తవ్వి చూడడం మేడమ్ పని.

మా ఇద్దరి మధ్య భాష సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు, మిగిలింది చేతులు. మొదటిరోజే నన్ను "మామా" అని పిలిచింది. వాళ్ళ వైపు పెద్ద ఆడవాళ్ళను అలా అంటారట. ఈ దేశంలో చూస్తే పనిమనిషి యజమానురాలిని మామా అంటుంది. మన భాషలో చూస్తే నేను మామను ఎలా అవుతాను?

"ఏం మామా, ఛాయ్ అయిందా?" అని రాజన్న ఏడాదిపాటు నన్ను ఏడిపించాడు.

"నా పిల్లను నీకెప్పుడిచ్చానని మామంటున్నావయ్యా? గ్లాసు కడిగి పెట్టి పో" అనేదాన్ని.

ఇంకో మాట కూడా నన్ను తిప్పలు పెట్టింది. మేడమ్ ఫోనులో తన ఊరి వాళ్ళతో మాట్లాడేటప్పుడు మాటిమాటికీ "ఆపు, ఆపు" అనేది. నేను మిక్సీ ఆపేదాన్ని. కుళాయి కట్టేసేదాన్ని. ఒకసారి బియ్యం కడుగుతూ చెయ్యి నీళ్ళలోనే పెట్టుకుని నిలబడ్డాను. చివరికి ఆమే అడిగింది, నేను ఫోనెత్తితే నువ్వు ఎందుకు బొమ్మలా నిలబడతావని. ఆపు అంటే మా భాషలో ఏమిటో చెప్పాను. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. వాళ్ళ భాషలో ఆపు అంటే దొర, ప్రభువు. వాళ్ళు పెద్ద కొండను ఆ మాటతో పిలుస్తారు. కొండ వాళ్ళకు రాళ్ళ గుట్ట కాదు, ఊరికి పెద్ద మనిషి. నీళ్ళిచ్చేది ఆయనే, పశువులను చూసుకునేది ఆయనే, కోపమొస్తే వడగళ్ళు కొట్టేది కూడా ఆయనే.

వంటింట్లో విన్న చరిత్ర

ఉల్లిపాయలు తరుగుతుంటే మేడమ్ స్టూలు వేసుకుని కూర్చుని చెప్పేది. మొదట్లో మర్యాదకు విన్నాను. తరువాత ఆమె ఎప్పుడొస్తుందా అని తరిగేవి దాచిపెట్టేదాన్ని.

ఇంకా వాళ్ళ తీరు నాకు నచ్చింది. ఎవరైనా ఊరు గెలిస్తే ఊరి దేవుణ్ణి పడగొడతారు. వీళ్ళు అలా చెయ్యలేదు. ఈ ఊరి వాళ్ళు ఏ కొండకు దణ్ణం పెడతారో కనుక్కుని, ఆ కొండ ముందు తామూ వంగేవారు. చేతులు ఊపుకుంటూ పోలేదు. మేలైన బట్ట, మొక్కజొన్న కల్లు, బొటనవేలంత లామా బొమ్మలు తీసుకెళ్ళారు. లామా అంటే వాళ్ళ బరువులు మోసే పశువు. ఎక్కడో వెచ్చటి సముద్రంలో దొరికే ఎర్రటి గవ్వను మనుషులు వీపు మీద మోసి, ఊపిరాడని మంచు కొండ నెత్తికి చేర్చారు. ఇనుము లేదు, బండి చక్రం లేదు. అంత ఎత్తున రాళ్ళు పేర్చి గోడ కట్టారు. అది ఇప్పటికీ నిలబడి ఉంది. నేను ఇటుక బట్టీలో పుట్టి పెరిగినదాన్ని, గోడ నిలబడడం అంటే ఏమిటో నాకు తెలుసు. అంత పెద్ద దొరకు అంత చిన్న బొమ్మ ఇవ్వడం కూడా నాకు నచ్చింది. ఒక్క పిసరు వృథా లేదు, మర్యాదకు లోటు లేదు.

తెలివి కూడా తక్కువేం కాదు. గెలిచిన సీమల వాళ్ళ దేవతలను తమ రాజధానికి తీసుకుపోయి, గౌరవంగానే చూసుకుంటూ, అక్కడే ఉంచుకునేవారట. ఊరు తిరగబడితే దేవత వాళ్ళ చేతిలో ఉంటుంది. ఈ మాట విని, సామాన్లు లోపల పెడుతున్న రాజన్న టక్కున అన్నాడు:

"అంటే కఫీల్ పాస్‌పోర్టు గుంజుకొని అల్మారల పెట్టుకున్నట్టే గద మేడమ్."

కఫీల్ అంటే ఇక్కడ మన వీసాకు పూచీ ఉండే యజమాని. మేడమ్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పించుకుని, పుస్తకం తెచ్చి రాసుకుంది. ఇరవై ఏళ్ళ చదువులో ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదంది. రాజన్న వారం రోజులు కాలరు ఎగరేసుకు తిరిగాడు.

నచ్చనిది కూడా చెబుతాను. కొన్ని కొండల నెత్తిన పిల్లల్ని కూడా అర్పించారు. మంచి బట్టలు కట్టి, కల్లు తాగించి, మంచులో వదిలేశారు. మేడమ్ ఒక ఆడపిల్ల ఫోటో చూపించబోతే తీసెయ్యమన్నాను. ఎంత గొప్ప గోడ కట్టినా దానికి నా దగ్గర క్షమ లేదు. మేడమ్ వాదించలేదు. "నా దగ్గరా లేదు మామా. కాని దాచిపెట్టి చెబితే అది చరిత్ర కాదు" అంది. యజమాని ఎలాంటి మనిషో నేను అలాంటి చోట చూస్తాను. జీతం ఇచ్చే చోట అందరూ ఒకేలా ఉంటారు.

ఒక శుక్రవారం మమ్మల్నిద్దర్నీ కల్బా తీసుకెళ్ళింది, సముద్రం పక్కన కొండలు చూడాలని. ఒక్క చెట్టు లేదు, ఎండకు మాడిన రొట్టెలా ఉన్నాయి. మేడమ్ కారు దిగి చాలాసేపు నిలబడింది.

"ఈ కొండ పేరేమిటి రాజన్నా?"

"జబల్ మేడమ్."

"జబల్ అంటే కొండే కదా. దీని పేరు?"

"ఏమో మేడమ్, నాకు తెల్వది. మా కాడైతే గుట్ట గుట్టకు పేరుంటది. మల్లన్న గుట్టకు బోనం తీస్కపోతం. ఈడ పదేండ్ల సంది ఈ రోడ్డు మీదనే తిరుగుతున్న, పేరు ఎన్నడడగలే."

"పేరు తెలియకుండా దీని ముందు నిలబడితే, చెప్పకుండా ఎవరింట్లోనో దూరినట్టుంది నాకు" అంది మేడమ్. అడిగి తెలుసుకునేదాకా ఫోటో తియ్యలేదు. రెండు దుకాణాలు తిరిగాక ఒక ముసలి అరబ్బు చెప్పాడు. అప్పుడు తీసింది. ఇంత చాదస్తం ఏమిటని నేను మనసులో అనుకున్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

మట్టి వచ్చింది

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

నాకు కరివేపాకు మొక్క కావాలి. కొట్లో అమ్మే కట్టలు రెండు రోజులకే నల్లబడతాయి, పారెయ్యాలంటే నాకు ప్రాణం ఒప్పదు. కుండీ ఉంది. మొక్క ఇస్తానని రాజన్న అన్నాడు, వాళ్ళ క్యాంపు వెనక ఎవరో పెంచారట. మట్టి లేదు. ఈ దేశంలో ఎటు చూసినా ఇసకే, మట్టి బస్తాల్లో కొనాలి. మేడమ్‌ని అడిగాను. "తెస్తాను మామా, ఇన్షా అల్లా" అంది. రెండు నెలలు పోయాయి. ఈలోపు ఆమె తన దేశం వెళ్ళి వచ్చింది.

కాలేజీలో పెద్ద ప్రదర్శన పెట్టబోతున్నారు. ఆ పనిమీద మేడమ్ రెండు రోజులు అబుదాబీ వెళ్ళింది. వెళ్ళిన మర్నాడు వెనక బాల్కనీ తుడుద్దామని తలుపు తీస్తే, అరుగు మీద ఆరు గాజు సీసాలు. మూతలు తీసి ఉన్నాయి. నిండా మట్టి. ఒక్కో సీసా కింద ఒక చీటీ.

నేను ఏమనుకున్నానో మీకు తెలుస్తూనే ఉంటుంది. మేడమ్ మాట మరిచిపోలేదు, మట్టి తెచ్చింది. అదీ మామూలు మట్టి కాదు. తెల్లది, పసుప్పచ్చది, నల్లది, బూడిద రంగుది, ఎర్రవి రెండు. వేళ్ళ మధ్య నలిపి చూశాను. బట్టీలో మా నాన్న నేర్పిన పద్ధతి అది. ఎర్రవాటిలో ఒకటి సబ్బులా జారింది, ఇంకోటి గరగరలాడింది. ఎంత మంచి మనిషి, నా మొక్కకు ఆరు రకాలు తెచ్చిందని మురిసిపోయాను.

అరుగు ఎడమవైపు నుంచి వరసగా ఒక్కో సీసా కుండీలో వంచాను. చివరి రెండూ ఎర్రవి. పైన చెయ్యి పెట్టి కలిపి, చదును చేశాను. నీళ్ళు పోద్దామనుకుని, ఎండలో పోస్తే మట్టి ఉడుకుతుందని సాయంత్రానికి ఆపాను. సీసాలు బంగారంలాంటివి, బిగుతు మూతలు. కడిగి ఆరబెట్టి కందిపొడి, చింతపండు, ఎండు మిరపకాయలు, మెంతులు పోశాను. చీటీలకు వెనకవైపు ఖాళీగా ఉంది. పారెయ్యడం ఎందుకు? కొట్లో తెచ్చేవి వాటి మీద రాసుకున్నాను.

నా జీవితంలో అంత తృప్తిగా చేసిన పనులు తక్కువ.

పొర, పొరపాటు

సాయంత్రం కాకముందే మేడమ్ వచ్చింది. ఆమె వెనక రాజన్న, చేతిలో కరివేపాకు మొక్క.

మేడమ్ చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వచ్చింది. సీసాల వైపు చూసింది. చింతపండు సీసా చేతిలోకి తీసుకుంది. మళ్ళీ కింద పెట్టింది. నేరుగా బాల్కనీలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి, నవ్వుతూ, "షుక్రన్ మేడమ్, మట్టి చాలా బాగుంది" అన్నాను.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది.

ఆ మట్టి సంగతి రాజన్నకు ముందే తెలుసు, మేడమ్ కారులో చెప్పిందట. మొక్కను అక్కడే పెట్టేసి నా వైపు చూశాడు. "ఏం జేసినవ్ పెద్దమ్మా! గవి ఆరు కొండల మట్టి. ఊరోళ్ళు మాట తీస్కొని ఇచ్చిండ్రు. ప్రదర్శన ఇంక నాలుగు రోజులు గూడ లేదు."

అప్పుడు తెలిసింది. మేడమ్ తవ్విన వేదిక లోపల మట్టి పొరలు పొరలుగా ఉందట, ఒక్కో పొర ఒక్కో కొండ నుంచి మోసుకొచ్చింది. ఇంకా వాళ్ళు తమ కొండ మట్టిని, ఓడిన వాళ్ళ కొండ మట్టిని ఒకే వేదికలో నింపారు. ప్రదర్శనలో అద్దాల పెట్టెలో ఆ పొరలు చూపించాలి. తవ్విన మట్టి దేశం దాటించకూడదు. అందుకని ఆ కొండల కింద ఊళ్ళవాళ్ళను అడిగితే, వాళ్ళు పూజ చేసి తలా ఒక సీసా ఇచ్చారు. షరతు ఒకటే. ఏ కొండ మట్టి ఆ కొండదిగా ఉండాలి, పని అయ్యాక ఏ కొండది ఆ కొండకు తిరిగి రావాలి. మేడమ్ ఒప్పుకుని మాట ఇచ్చింది. ఆ మాట పోతే ఇక ఆ ఊళ్ళలో ఆమెకు గడప తొక్కే మొహం ఉండదు. ఇరవై ఏళ్ళ పని అక్కడే ఉంది.

తేమ వాసన వస్తోందని ఆరబెట్టి వెళ్ళింది. నాకు చెప్పడం మరిచిపోయింది. నేను అడగడం మరిచిపోలేదు. అసలు అడగాలనే అనుకోలేదు. ఆ తేడా మీకు తెలియాలి.

నా మీద అరిచిన యజమానులు చాలామంది ఉన్నారు. అరుపు ఒక చెవిలో పడి ఇంకో చెవిలోంచి పోతుంది. అరవని ఈ మనిషి ముందు ఎలా నిలబడాలో నాకు తెలియలేదు. తలెత్తి అడిగింది.

"నీళ్ళు పోశావా?"

"లేదండి. సాయంత్రం పోద్దామని."

"ఏ వరసలో వంచావు?"

"ఎడమ నుంచి కుడికండి. నేను ఏ పని చేసినా అలాగే చేస్తాను."

"చీటీలు?"

చెంగుముడి విప్పి తీసి ఇచ్చాను. ఒక పక్క కొండ పేరు, రెండో పక్క అర కిలో మినప్పప్పు. రాజన్న నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు.

అప్పుడు నేనే చెప్పాను, పైనుంచి తోడితే అన్నీ కలిసిపోతాయి, కుండీని పక్కనుంచి కోద్దామని. అది నల్ల ప్లాస్టిక్ కుండీ, ఇంకా పదేళ్ళు వచ్చేది. కూరగాయల కత్తి వేడి చేసి పైనుంచి కిందికి కోశాను. రాజన్న చెక్కు ఊడదీసినట్టు మెల్లగా విప్పాడు. మట్టి కూలలేదు. అడుగున తెలుపు, దాని మీద పసుపు, నలుపు, బూడిద. పైన ఎరుపు.

మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇలాగే ఉంటుంది మామా. తవ్వితే లోపల సరిగ్గా ఇలాగే ఉంటుంది" అని ఫోటో తీసింది. ఆ కష్టంలో కూడా ఆమెకు అది అందంగా కనిపించింది. చదువంటే అదే కాబోలు.

పొర తెలుసు, పొరపాటు తెలుసు. రెండూ ఒకచోట చూసింది ఆ రోజే.

గరిటెతో, పాత పళ్ళ బ్రష్షుతో నాలుగు పొరలు శుభ్రంగా విడదీశాం. అంచుల్లో కలిసిన మట్టి గింజలు వేరే గిన్నెలో పెట్టి మర్నాడు ఏరాను. పైన ఎరుపు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. నేనే కలిపాను కదా. సబ్బులా జారేదీ, గరగరలాడేదీ ఇప్పుడు ఒకటే అయిపోయాయి. బట్టీలో పుట్టినా, తిరిగి జన్మెత్తినా దాన్ని విడదీయలేను.

"ఇవి ఏ కొండలవండి?"

మేడమ్ చీటీలు చూసి నిట్టూర్చింది. ఒకటి గెలిచిన ఇంకా వాళ్ళ కొండది. రెండోది ఓడిన ఊరి కొండది.

కొండకు తెలుగు వస్తుందా

దాచిపెట్టొచ్చు. రంగు ఒకటే, రెండు సీసాల్లో సగం సగం పోస్తే ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన నాకే వచ్చింది, నోరు తెరిచి చెప్పాను కూడా. మేడమ్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఫోను తీసి, ఓడిన కొండ కింది ఊరి పెద్దకు వీడియో కాల్ చేసింది. మాకు సాయంత్రం, వాళ్ళకు తెల్లవారి పొద్దెక్కుతోంది.

ఊరి పెద్ద అంటే మీసాల మనిషి అనుకున్నాను. నా వయసు ఆడమనిషి, రెండు జడలు, నెత్తిన టోపీ. పేరు ఫ్లోరా. నవ్వు మొహం కాదు. నాలాంటిదే అని చూడగానే తెలిసింది. మేడమ్ అంతా చెప్పింది, ఒక్క ముక్క దాచలేదు. తప్పు తనదేనంది. నేను మధ్యలోకి వెళ్ళి, "కాదు, నాదండి" అన్నాను. మేడమ్ అటుదిటు, ఇటుదటు చెప్పింది.

"ఎందుకు కలిపావు?" అంది ఫ్లోరా.

"కరివేపాకు మొక్క వెయ్యడానికండి."

"అదేం మొక్క?"

చూపించాను. "తినేదా?" అంది.

"తినేదే. అది లేకపోతే పోపు పోపు కాదండి."

ఆమె మొక్కను ఫోనుకు దగ్గరగా పెట్టించుకుని చూసింది. తరువాత అంది: "ఇంకాలు కూడా మా కొండ మట్టి తీసుకెళ్ళారు. తమ కొండ మట్టితో కలిపారు. కాని వంగి, అడిగి, ఇవ్వాల్సింది ఇచ్చి తీసుకెళ్ళారని మా పెద్దలు చెప్పారు. ఎలెనా కూడా అడిగింది. నువ్వు అడగలేదు. ఇప్పుడు చెప్పు, నాకు కాదు, ఆయనకు."

ఫోను అటు తిప్పింది. వాకిలి అవతల కొండ. నెత్తి మీద కొంచెం మంచు. ఫోనులో అరచేతికి సరిపోయింది గాని, నాకు ఎందుకో చూడగానే చీర చెంగు సర్దుకోవాలనిపించింది.

నేను చర్చికి పోయే మనిషిని. అదే చెప్పాను. "నేను యేసయ్య బిడ్డనండి, కొండకు మొక్కను."

ఫ్లోరా మొహం మళ్ళీ వచ్చింది. "నేనూ చర్చికి పోతాను. మొక్కమన్నానా? పక్కింటి కుండ పగలగొడితే వెళ్ళి చెప్పవా?"

"చెబుతానండి."

"చెప్పు మరి."

"కొండకు తెలుగు వస్తుందా?"

మేడమ్ నవ్వు ఆపుకుంటూ ఆ మాట చెప్పింది. ఫ్లోరా నవ్వలేదు. "ఇంకాలు వచ్చిన రోజున మా కొండకు వాళ్ళ భాష కూడా రాదు. నేర్చుకుంది. నువ్వు మాట్లాడు" అంది.

ఫోనులో మళ్ళీ కొండ వచ్చింది. గొంతు సవరించుకున్నాను.

"అయ్యా, నేను కాంతమ్మనండి. దుబాయ్‌లో మేడమ్ గారింట్లో వంట చేస్తాను. తమరి మట్టి నేనే కలిపానండి. మట్టి బాగుందా లేదా చూశాను గాని, ఎవరి మట్టని అడగలేదు. తప్పయిపోయిందండి. మేడమ్ మీద కోపం పెట్టుకోకండి. ఆయమ్మ పేరు తెలియని కొండను ఫోటో కూడా తియ్యదు."

వెనక నుంచి రాజన్న మెల్లగా, "ఆయ్ అను పెద్దమ్మా, మీ గోదారోళ్ళు అంటరు గద" అన్నాడు. తిరిగి ఒక్క చూపు చూశాను, నోరు మూసుకున్నాడు.

ఫ్లోరా తీర్పు చెప్పింది. కలిసినదాన్ని విడదీసినట్టు నటించకూడదు. పెట్టెలో ఒకే పొరగా పెట్టి, రెండు కొండల పేర్లూ రాయాలి, ఎలా కలిసిందో రాయాలి. తరువాత సగం ఆ కొండకు, సగం ఈ కొండకు. "ఇంకాలకూ మాకూ గొడవ తీరలేదు. అయినా వేదిక లోపల ఇన్నేళ్ళుగా కలిసే ఉన్నాం" అంది. ఇంకొక మాట. మట్టి తిరిగి వచ్చేటప్పుడు నేను కూడా నా చేత్తో ఏదైనా పంపాలి. "కొన్నది వద్దు. ఏది లేకపోతే నీ పోపు పోపు కాదో, అది పంపు."

అద్దాల పెట్టె

ప్రదర్శన రోజు నేనూ వెళ్ళాను. పెట్టె అద్దం మీద వేలి ముద్రలుంటే చెంగుతో తుడిచాను. అయిదు పొరలు. పై పొర పక్కన చీటీ రాజన్న చదివి తెలుగులో చెప్పాడు. రెండు కొండల పేర్లు రాసి, కాంతమ్మ అనే ఆమె కరివేపాకు మొక్క కోసం ఈ రెండింటినీ కలిపిందని, ఆ తరువాత కొండకు చెప్పుకుందని ఉంది. 'పొరపాటున' అన్న మాట పెట్టమని నేను మేడమ్‌ని అడిగాను. ఆమె పెట్టలేదు. "చెప్పుకున్నావని రాశాను కదా, అందులో ఉంది" అంది.

జనం ఆ చీటీ దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. కోటు వేసుకున్న ఒకాయన నవ్వాడు. రాజన్న ఆయనకు నన్ను చూపించబోతే చెయ్యి మీద ఒకటి వేశాను.

ఏడాది తరువాత మేడమ్ కాంట్రాక్టు ముగిసింది. మట్టి సీసాలు సర్దేటప్పుడు ఒక చిన్న గుడ్డ మూట ఇచ్చాను. నీడన ఆరబెట్టిన కరివేపాకు. అప్పటికి నా మొక్క మోకాలెత్తు వచ్చింది. అదే మొదటి కోత. నేను ఒక్క రెబ్బ కూడా వాడుకోలేదు. మేడమ్ మూట వాసన చూసి, నన్ను గట్టిగా పట్టుకుంది. తరువాత అన్ని అనుమతులూ అడిగి, కాగితాలు రాయించుకుని తీసుకెళ్ళింది. అడగకుండా ఏదీ తీసుకెళ్ళే మనిషి కాదు కదా.

కొన్నాళ్ళకు వీడియో పంపింది. ఫ్లోరా కొండ కింద గుంట తవ్వి ఎర్ర మట్టి పోసింది. దాని మీద వాళ్ళు పూజకు పెట్టే కోకా ఆకులు, పక్కన నా కరివేపాకు పెట్టి, మొక్కజొన్న కల్లు వంచింది. కరివేపాకు ఒకటి తుంపి నోట్లో వేసుకుని నమిలి, ఏదో అంది. ఏమందని అడిగితే మేడమ్ రాసింది: "చేదుగా ఉంది, కాని మర్యాదగా ఉంది అంటోంది."

ఇప్పుడు

మోకాళ్ళు మొరాయించి పని మానేశాను. బర్ దుబాయ్‌లో కూతురింట్లో ఉంటున్నాను. మనవరాలు షార్జాలో ఒక ఇంట్లో ముసలావిడను చూసుకునే పనికి కుదిరింది. మొదటిరోజు వెళ్ళేటప్పుడు, ఏమైనా చెప్పమ్మమ్మా అంది. వంట గురించి చెబుతాననుకుంది. నేను చెప్పింది ఒక్కటే. ఆ ఇంట్లో నీ కంటికి పనికిరానిది ఏదైనా కనిపిస్తే, చెయ్యి వేసే ముందు ఆపు. అది ఎవరిదో అడుగు. పనికొచ్చేది కనిపిస్తే ఇంకా ముందు ఆపు.

ఆ కోసిన కుండీని నేను పారెయ్యలేదు. తీగతో కట్టాను, నా మొక్క ఇంకా అందులోనే ఉంది. అప్పట్లో కొండల మట్టి తీసేశాక కుండీ నింపాలి కదా, రాజన్నను తీసుకుని వర్సాన్‌లో మొక్కలమ్మే దుకాణానికి వెళ్ళాను. బస్తా చూపించి, ఇది ఎక్కడి మట్టని అడిగాను. కొట్టతను ధర చెప్పాడు. మళ్ళీ అడిగాను.

"మట్టి మట్టే కదా అమ్మా, ఎక్కడిదైతే ఏంటి? యల్లా, తీసుకెళ్ళండి" అన్నాడు హిందీలో.

రాజన్న నా వైపు చూశాడు. బస్తా ఎత్తబోయిన చేతులు వెనక్కి తీసుకుని, దుకాణం ముందున్న స్టూలు లాగి నాకు వేసి, తను గోడకు చేరగిలబడ్డాడు.

"గామె కూసున్నదంటే లేవదు భాయ్. ఏ కొండదో కనుక్కొని చెప్పు" అన్నాడు.

అతను ఎవరెవరికో ఫోను చేశాడు. ఎక్కడిదో చెప్పేదాకా మేం బస్తా ఎత్తలేదు.